'డిమీన్' చేసుకుంటానని లాయరు ప్రమాణం చేస్తాడా?

మొన్న రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. లా మూడో సంవత్సరం చదువుతోంది. క్షమాభిక్ష అధికారం మీద ఏదో రాసుకుంటూ అమెరికా సుప్రీంకోర్టు 1867లో ఇచ్చిన ఒక తీర్పు దగ్గర ఆగిపోయిందట. అగస్టస్ గార్లండ్ అనే లాయరు కేసు అది. ఆ కోర్టులో పేరు నమోదు చేసుకునే లాయర్లు చేయాల్సిన ప్రమాణం ఆ తీర్పులో ఉంది.

"మావయ్యా, 'ఐ విల్ డిమీన్ మైసెల్ఫ్' అని ఉంది. నన్ను నేను కించపరచుకుంటాను అని లాయర్ల చేత ఒట్టేయిస్తారా వీళ్లు?"

"పక్కనున్న మాట కూడా చదువు" అన్నాను.

"అప్‌రైట్లీ. అంటే నిజాయితీగా కించపరచుకుంటాను. ఇంకా బాగుంది!"

ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ అమ్మాయి సందేహంలో తప్పేం లేదు. మనకు రోజూ వినపడే డిమీన్ ఒక్కటే. ఏ నాయకుడో నోరు జారిన మర్నాడు ఇంగ్లీషు చానళ్లలో 'డిమీనింగ్ రిమార్క్స్' అని స్క్రోలింగ్ వస్తుంది, తెలుగు చానళ్లు దాన్ని 'కించపరిచే వ్యాఖ్యలు' అంటాయి. చిన్నబుచ్చడం, చులకన చేయడం, పలచన చేయడం అని ఏ మాట వాడినా సరిపోతుంది. మరి అదే వారంలో క్రికెట్ కామెంటేటరు ఒక కెప్టెన్‌ని పొగుడుతూ 'కామ్ డిమీనర్' అంటాడు. క్రియ తిట్టులా ఉంటే దాని నామవాచకం మెచ్చుకోలులో ఎలా కుదిరింది? డిమీనర్ అంటే కించపరచడం అయితే, ప్రశాంతంగా కించపరచడం ఏమిటి?

విషయం ఏమిటంటే, అవి ఒక మాట తాలూకు రెండు అర్థాలు కావు. రెండు వేరు వేరు మాటలు. స్పెల్లింగు, పలకడం ఒకటే అయ్యాయి, అంతే.

పాలు, పాలు

తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న మనిషి ఒకరు పేపర్లో 'విద్యార్థులు ఉద్యమంలో పాలుపంచుకున్నారు' అని చదివారనుకోండి. ఆ మనిషికి అప్పటిదాకా తెలిసిన పాలు గేదె ఇచ్చేవే. ఉద్యమంలో పాలెందుకు పంచారని అడిగితే మనకు నవ్వొస్తుంది. భాగం అనే అర్థమున్న 'పాలు' వేరు, తాగే 'పాలు' వేరు అని మనకు తెలుసు కాబట్టి. ఆస్తిలో నీ పాలెంత, పాలివాళ్లు, పాలుపోలేదు అన్నప్పుడు గేదె గుర్తుకు రాదు.

దీన్ని అర్థం దిగజారడంతో కలిపి చూడకూడదు. అదీ మనకు ఉంది. 'కైంకర్యం' అంటే దేవుడి సేవ. అదే మాట ఇప్పుడు 'గుడి సొమ్ము కైంకర్యం చేశాడు' అనే దాకా వచ్చింది. పాత కావ్యాల్లో 'కంపు' సువాసనకూ వాడారు, ఇప్పుడు ముక్కు మూసుకుంటాం. ఇక్కడ మాట ఒకటే, దాని బతుకు మారింది. డిమీన్ కథ కైంకర్యం దారిలో నడవలేదు. పాలు, పాలు దారిలో మొదలై, మధ్యలో కాస్త గజిబిజి అయింది.

పశువుల్ని అదిలించిన చోటు నుంచి

మొదటి డిమీన్ పాతది. దాదాపు 1300 నాటి నుంచే ఇంగ్లీషులో ఉంది. పాత ఫ్రెంచిలోని 'దెమెనే' నుంచి వచ్చింది. ఆ మాటకు మూలం 'మెనే', అంటే తీసుకెళ్లడం, నడిపించడం. ఇంకా వెనక్కి వెళితే లాటిన్‌లో 'మినారే' తగులుతుంది. దానికి ఇంగ్లీషులో అర్థం చెప్పాలంటే రెండు ముక్కలు కావాలి: బెదిరించడం ఒకటి, పశువుల్ని తోలడం ఇంకొకటి. తెలుగులో ఆ తిప్పలు లేవు. మనకు 'అదిలించడం' ఉంది. ఎద్దు చేలోకి తల తిప్పితే 'హెయ్' అని కేకేసి, చెర్నాకోల గాల్లో ఆడించి దారిలో పెడతామే, అదే. దెబ్బ పడదు, బెదిరింపు ఉంటుంది, బండి కదులుతుంది.

ఈ లాటిన్ కుటుంబంలోని మరికొన్ని మాటలు మనకు బాగా పరిచయం. బెదిరింపు వైపు నుంచి 'మెనేస్' వచ్చింది. వీధికుక్కల మీద వచ్చే ప్రతి ఇంగ్లీషు వార్తలో అది ఉంటుంది. తోలే వైపు నుంచి 'ప్రొమెనాడ్' వచ్చింది. పుదుచ్చేరి సముద్రం ఒడ్డున సాయంత్రం జనం నడిచే రోడ్డు పేరు అదే.

ఇంగ్లీషులోకి వచ్చాక డిమీన్ పక్కన 'వన్‌సెల్ఫ్' చేరింది. తనను తాను నడిపించుకోవడం. తెలుగులో ఈ పని 'కొను' చేస్తుంది. నడుచు అన్నదానికి కొను చేర్చి నడుచుకొను అంటే కాళ్లు పక్కకు తప్పుకుంటాయి, నడవడి ముందుకొస్తుంది. 'పెద్దల ముందు సరిగ్గా నడుచుకో' అన్నప్పుడు ఎవరూ లేచి నడవరు. పాత డిమీన్‌కు దీనికన్నా దగ్గరి తెలుగు మాట నాకు దొరకలేదు. లాయరు ప్రమాణం ఇప్పుడు చదవండి: 'నిజాయితీగా, చట్టప్రకారం నడుచుకుంటాను.' చిక్కు విడిపోయింది.

నడవడి గురించి మాట్లాడే ఇంగ్లీషు క్రియలన్నిటిలో ఇలాంటి బొమ్మే కనిపిస్తుంది, మనిషి తనను తానే ఒక వస్తువులా చూసుకోవడం. 'కాండక్ట్'లో లాటిన్ మూలం వెంటబెట్టుకుని నడిపించడం. బస్సు కండక్టరు ఆ ఇంటివాడే. 'కంపోర్ట్'లో మోసుకెళ్లడం ఉంది, 'పోర్టర్'లో ఉన్న మోత అదే. 'బిహేవ్' 15వ శతాబ్దపు మాట. 'హావ్' ముందు 'బి' చేరి పుట్టింది. తనను తాను ఒక తీరుగా పట్టి ఉంచుకోవడం అని లెక్క. మా నాయనమ్మకు ఈ వ్యుత్పత్తి తెలిసే అవకాశం లేదు గానీ, మేం అల్లరి చేస్తే ఆవిడ అనేది 'ఒళ్లు దగ్గర పెట్టుకో' అనే.

రెండో డిమీన్ ఎక్కడ నుంచి ఊడిపడింది

1600 ప్రాంతంలో ఇంగ్లీషులో ఇంకో డిమీన్ కనపడటం మొదలైంది. దీనికి ఫ్రెంచితో, పశువులతో సంబంధం లేదు. 'మీన్' అనే విశేషణం ముందు 'డి' చేరితే వచ్చింది. ఈ మీన్ అంటే హీనమైన, తక్కువ స్థాయి అని. పాత ఇంగ్లీషులో దీని తల్లికి అర్థం 'అందరికీ చెందినది, ఉమ్మడిది' మాత్రమే. ఉమ్మడిది కాస్తా మామూలుది అయింది, మామూలుది తక్కువది అయింది. (లెక్కల్లో సగటును సూచించే మీన్ దీని చుట్టం కాదు. 'అర్థం' అనే మీన్ అసలే కాదు. ఇంగ్లీషుకు ఈ పాడలవాటు ఎక్కువ.)

అప్పటికే ఇంగ్లీషులో 'డిబేస్' ఉంది. 'బేస్' అన్నా తక్కువదే, దాని ముందు 'డి' పెడితే తక్కువ చేయడం. ఆ అచ్చులోనే మీన్‌ను పోస్తే డిమీన్ తయారైంది. తక్కువ చేయడం, చిన్నబుచ్చడం.

మరి పాత డిమీన్ వాడుకలో ఉండగానే కొత్తది ఎలా ఇమిడింది? ఇక్కడే గజిబిజి. ఇంగ్లీషు మాట్లాడే సామాన్యుడికి లాటిన్ మినారే గుర్తుండదు. చెవికి డిమీన్‌లో 'మీన్' వినపడుతుంది. మన దగ్గర చక్కెరకేళి అరటిపండును చక్రకేళి అనేవాళ్లు లేరా? చక్కెర పోయి చక్రం వచ్చింది. పండు రుచి మారలేదు గానీ, పేరుకు చెవి కొత్త కారణం కల్పించుకుంది. భాషాశాస్త్రంలో దీన్ని లోకనిరుక్తి అంటారు. డిమీన్ విషయంలో లోకనిరుక్తి ఎంత, డిబేస్ నమూనాలో కావాలని చేసుకున్నది ఎంత అని గీత గీయడం కష్టం. రెండూ కలిసే పనిచేసి ఉంటాయని నాకనిపిస్తుంది.

కవలల నాటకంలో కవల మాట

ఈ గజిబిజి ఎంత పాతదో చూపించడానికి షేక్‌స్పియర్ 1590లలో రాసిన 'ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో ఒక వాక్యం ఉంది. ఆంటిఫొలస్ అనే ఒకే పేరు, ఒకే రూపం ఉన్న అన్నదమ్ములు ఒకే ఊళ్లో తిరుగుతుంటారు. ఒక వేశ్య అన్నదమ్ముల్లో ఒకరికి నలభై డకట్ల ఉంగరం ఇచ్చి ఉంటుంది, బదులుగా గొలుసు ఇస్తానని అతను మాటిచ్చి ఉంటాడు. ఆమె వెళ్లి రెండోవాడిని అడుగుతుంది. నువ్వు మంత్రగత్తెవి, పొమ్మంటాడు. అప్పుడు ఆమె అంటుంది: ఆంటిఫొలస్‌కు ఖాయంగా పిచ్చెక్కింది, లేకపోతే ఇలా 'డిమీన్ హిమ్‌సెల్ఫ్' చేసుకోడు.

ఇలా నడుచుకోడు అనా? ఇలా దిగజారడు అనా? రెండూ అతుకుతాయి. ఉంగరం తీసుకుని ఎగ్గొట్టడం నడవడి లోపమూ అవుతుంది, పెద్దమనిషికి దిగజారుడూ అవుతుంది. ఆమె 'ఇలా' అని ఊరుకుంది. మంచిగానో చెడ్డగానో అనే మాట ఒక్కటి పక్కన ఉంటే పాత డిమీన్ అని తేల్చేసేవాళ్లం. కవలల్ని పోల్చుకోలేక తికమకపడే నాటకంలో ఈ మాటే పడటం ఎవరూ పన్నింది కాకపోవచ్చు. చదివిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది మాత్రం.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు వేసేనాటికి రెండు అర్థాలకూ చోటు దొరికింది.

వాషింగ్టన్ పౌరుల్ని ఏం కోరాడు

షేక్‌స్పియర్ దగ్గర సందేహం ఉంది, వాషింగ్టన్ దగ్గర లేదు. అయినా పొరబడేవాళ్లు ఇక్కడే ఎక్కువ.

1790 ఆగస్టులో అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్టు వెళ్లాడు. అక్కడి యూదుల తరఫున మోజెస్ సెయ్షస్ ఆయనకు స్వాగతపత్రం ఇచ్చాడు. వాషింగ్టన్ జవాబు రాశాడు. మత స్వేచ్ఛ గురించి అమెరికాలో ఎప్పుడు మాట వచ్చినా ఆ ఉత్తరం బయటికి తీస్తారు. ఈ ప్రభుత్వం మతదురభిమానాన్ని ఒప్పుకోదు, వేధింపుకు సాయపడదు అని హామీ ఇచ్చి, దాని నీడలో బతికేవాళ్ల నుంచి కోరేది ఒక్కటే అంటాడు: మంచి పౌరులుగా తమను తాము 'డిమీన్' చేసుకోవాలని.

ఇప్పటి చెవితో వింటే ఒళ్లు మండుతుంది. కొద్దిమంది ఉన్న ఒక మతం వాళ్లకు హక్కులిస్తూ 'మీరు తలవంచుకుని తగ్గి ఉండండి' అన్నట్టుంది. అసలు వాక్యం అది కాదు. 'మంచి పౌరులుగా నడుచుకుంటే చాలు' అన్నాడాయన. న్యూపోర్టులో టూరో సినగాగు అనే యూదుల ప్రార్థనా మందిరంలో ఈ ఉత్తరాన్ని ఏటా బహిరంగంగా చదువుతారు. ఆ ఒక్క మాట దగ్గర కొత్తగా వినే వాళ్లలో కొందరైనా ఉలిక్కిపడకుండా ఉండరు.

అనువాదం చేసేవాళ్లకు ఇది అసలైన గొయ్యి. డిక్షనరీలోనో ఫోన్లోనో చూస్తే 'కించపరచు' అని టక్కున వస్తుంది, వాక్యం వ్యాకరణపరంగా కూడా కుదురుతుంది. కుదరదని చెప్పే ఆనవాళ్లు మూడు: కర్మ స్థానంలో తానే ఉండటం, పక్కన 'మంచి పౌరులుగా', 'నిజాయితీగా' లాంటి మెచ్చుకోలు మాట ఉండటం, రాసిన కాలం పాతదై ఉండటం. 'ఆ ప్రకటన స్త్రీలను డిమీన్ చేస్తోంది' అన్నప్పుడు కర్మ వేరేవాళ్లు, కాబట్టి అది రెండో డిమీన్. 'అంత చిన్న పనికి చెయ్యి చాచి నన్ను నేను డిమీన్ చేసుకోను' అంటే కర్మ తానే, కానీ తీరు చెప్పే మాట లేదు, పైగా చిన్నతనం ప్రస్తావన ఉంది. అదీ రెండోదే.

తప్పు మాటా, కొత్త మాటా?

రెండో డిమీన్‌ను చాలాకాలం ఇంగ్లీషు వాడుక పండితులు ఒప్పుకోలేదు. వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నడవడిని చెప్పే శుభ్రమైన మాట ఒకటి ఉండగా, తెలియక దాన్ని 'మీన్'తో ముడిపెట్టి ఇంకో అర్థం అంటగడితే, పాత పుస్తకాలు చదివేవాళ్లు దారి తప్పుతారన్నారు. తప్పారు కూడా. మా మేనకోడలే సాక్షి. తక్కువ చేయడానికి డిబేస్, డిగ్రేడ్ ఉండనే ఉన్నాయి కదా, ఇంకోటి దేనికి అన్నది వాళ్ల రెండో ప్రశ్న.

అవతలివాళ్లు చెప్పేదీ వినాలి. మీన్‌కు డి చేర్చడం డిబేస్ అంత సక్రమమైన ప్రక్రియ. నాలుగు శతాబ్దాలుగా పెద్ద రచయితలూ మామూలు జనమూ వాడుతున్న మాటను తప్పు అనడంలో అర్థం లేదు. ఇప్పటి పెద్ద నిఘంటువులు రెండింటినీ వేరు వేరు మాటలుగా, వేరు వేరు పుట్టుకలతో ఇస్తాయి. నా ఓటు వీళ్లకే. అయితే మొదటి పక్షం భయపడింది జరిగిన మాటా నిజం. రోజువారీ ఇంగ్లీషులో పాత డిమీన్ దాదాపు చచ్చిపోయింది. కొత్తదాని చెడ్డపేరు అంటుకున్నాక, మంచి అర్థంలో దాన్ని ఎవరు వాడతారు?

ఫ్రెంచిలో అదే మూలం ఇంకో వైపు వెళ్లింది. 'స దెమెనే' అంటే ఇప్పుడు అక్కడ కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నానా తంటాలు పడటం.

బోనులో నిలబడ్డ డిమీనర్

తల్లి పోయినా పిల్లలు మిగిలారు. పెద్దది డిమీనర్. దీనికి కొత్త డిమీన్ మకిలి అంటలేదు. మనిషి బయటికి కనిపించే తీరు, అంటే నిలబడటం, చూడటం, గొంతు, తొట్రుపాటు. మన కోర్టుల్లో దీనికి చట్టబద్ధమైన స్థానం ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 18వ ఆర్డరు 12వ రూలు ప్రకారం, విచారణలో సాక్షి డిమీనర్ గురించి ముఖ్యమనిపించినవి జడ్జి రాసిపెట్టవచ్చు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 280వ సెక్షనూ ఇలాంటిదే చెప్పింది. తెలుగులో దీన్ని 'హావభావాలు' అంటుంటారు. పూర్తిగా అతకదు. హావభావాలంటే నాకు కూచిపూడి వేదిక గుర్తొస్తుంది. 'సాక్షి వాలకం' అంటే సరిగ్గా ఉంటుంది, కాకపోతే తీర్పుల్లో రాయడానికి మరీ వాడుక మాటగా తోస్తుందేమో.

ఒకసారి ఊహించండి. ఎప్పుడూ కోర్టు మెట్లెక్కని ఒక రైతు బోనులో నిలబడ్డాడు. కండువా నలుపుతున్నాడు. లాయరు అడిగినదానికి జడ్జి వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ జవాబిస్తున్నాడు. గొంతు వణుకుతోంది. అది అబద్ధమా, భయమా? ఎదురుగా చూసిన జడ్జికి కాగితాల్లో లేనిది ఏదో తెలుస్తుందని న్యాయవ్యవస్థ చాలాకాలంగా నమ్ముతోంది. అందుకే కింది కోర్టు సాక్షిని నమ్మితే పై కోర్టులు తొందరపడి కాదనవు. మనస్తత్వ పరిశోధకులు దీనికి అడ్డం తిరుగుతారు. చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో 2006లో ఎన్నో ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా గుర్తుపట్టింది సగటున 54 శాతమే. బొమ్మా బొరుసూ వేస్తే వచ్చేదానికి నాలుగు ఎక్కువ. వాలకాన్ని బట్టి తీర్పు మొత్తం నిలబెట్టకూడదని జడ్జీలూ ఒప్పుకుంటారు. పూర్తిగా వదిలేయాలా అన్నదాని దగ్గరే తేడా.

మిస్‌డిమీనర్: చెడు నడత నుంచి చిన్న నేరం దాకా

రెండో పిల్ల మిస్‌డిమీనర్. విడదీస్తే 'చెడు నడత' అని ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లండు న్యాయశాస్త్రంలో ఇది పెద్ద నేరమైన 'ఫెలనీ'కి పక్కన చిన్న నేరంగా స్థిరపడింది. 1967లో చట్టం చేసి ఇంగ్లండు ఈ విభజనే తీసేసింది. మన దేశ చట్టంలో ఈ విభజన లేదు. మనకున్నవి బెయిలబుల్, కాగ్నిజబుల్ లాంటివి. అమెరికాలో మాత్రం భద్రంగా ఉంది. మామూలుగా ఏడాదికి మించని జైలు పడేవి అక్కడ మిస్‌డిమీనర్లు.

ఒక్కచోట ఆ మాట పాత అర్థాన్ని వదల్లేదంటారు. అమెరికా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడిని అభిశంసించడానికి కారణాలు దేశద్రోహం, లంచం, 'ఇతర హై క్రైమ్స్ అండ్ మిస్‌డిమీనర్స్'. 1787 సెప్టెంబరులో, ఆ రాజ్యాంగం రాసే సభలో జార్జి మేసన్ 'పాలనలో లోపం' అనే కారణాన్ని చేర్చమంటే, అది మరీ సాగుతుందని జేమ్స్ మాడిసన్ అడ్డం చెప్పాడు. దాని బదులు ఈ మాట చేరింది. దీని మీద తగువు ఇప్పటికీ తెగలేదు. శిక్షాస్మృతిలో ఉండే నేరమో, అలాంటిదో జరిగి తీరాలన్నది ఒక పక్షం. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ తరఫున బెంజమిన్ కర్టిస్, 2020లో ట్రంప్ తరఫున అలన్ డెర్షోవిట్జ్ ఇలాగే వాదించారు. పదవికి తగని నడత చాలు, జైలు శిక్ష ఉన్న నేరమే అక్కర్లేదన్నది రెండో పక్షం. రాజ్యాంగ పండితుల్లో ఎక్కువమంది ఇటే ఉన్నారు. మిస్‌డిమీనర్‌ను 'చిన్న నేరం' అని తెలుగు చేస్తే ఈ తగువు మాయమైపోతుంది. అందుకే అభిశంసన వార్తల్లో 'తీవ్ర నేరాలు, దుష్ప్రవర్తన' అన్నదే నయం.

అమెరికా వెళ్లిన మనవాళ్లకు ఈ మాట రోడ్డు మీద ఎదురవుతుంది. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటి నడిపితే అది మామూలు చలానా కాదు. 'రెక్‌లెస్ డ్రైవింగ్' కింద క్లాస్ 1 మిస్‌డిమీనర్. ఏడాది దాకా జైలు, రెండున్నర వేల డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. స్పీడు టికెట్టే కదా అనుకున్న కుర్రాడు లాయరును వెతుక్కుంటాడు.

మేనకోడలికి ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి ఆ రాత్రే ఇంకో రెండు పేజీలు తిరగేసి మెసేజ్ పెట్టింది. అమెరికా సుప్రీంకోర్టు ప్రమాణంలో ఇప్పుడు డిమీన్ లేదు, 'కాండక్ట్' అని మార్చేశారు. కానీ వర్జీనియా రాష్ట్రంలో లాయర్లు చేసే ప్రమాణంలో ఆ మాట పోలేదు. వృత్తిలో నమ్మకంగా, నిజాయితీగా, మర్యాదగా 'డిమీన్' చేసుకుంటామని అక్కడ ఇవాళ్టికీ చెయ్యెత్తి చెబుతారు.

కింద ఇంకో మెసేజ్: "అయితే మావయ్యా, ఆ కుర్రాడి కేసులో మిస్‌డిమీనర్ వాడిది, డిమీన్ లాయరుది. డిమీనర్ చూసేది జడ్జి. ముగ్గురికీ కలిపి ఒకే ఎద్దుబండి."